సామాన్ల గదిలో కాపురం

"ఛీ! పైవాళ్ళు ఇన్నాళ్ళూ గాలికొదిలేసి, ఇప్పుడు మన నెత్తిన రుద్దారు," అంటూ కౌన్సిలరమ్మ కర్చీఫ్ ముక్కుకి అదుముకుంది.

బస్టాండు మరుగుదొడ్లను రాష్ట్ర ప్రభుత్వం ఆ ఉదయమే పట్టణ కౌన్సిల్‌కి అప్పగించి చేతులు దులుపుకుంది. చూసిపోదామని ఆమె, చైర్మన్ వచ్చారు.

వెనక సామాన్ల గది తలుపు తోసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చీపుళ్ళ పక్కన పొయ్యి. ఫినాయిల్ డబ్బాల మీద స్కూలు సంచి.

"ఈ కంపులో కాపురం పెట్టిందెవరు? ముద్దెలా దిగుతోంది?"

"నేనేనమ్మా," అంది దొడ్లు కడిగే మనిషి, తడి చేతులు తుడుచుకుంటూ. "నేనూ, నా కూతురూ. బయట అద్దెలు కట్టలేక..."

"రేపటికల్లా ఖాళీ చెయ్యి!"

"ఎక్కడికి పొమ్మంటారు మేడమ్?" అన్నాడు చైర్మన్. "పార్కు వెనక తక్కువ అద్దె ఇళ్ళు కడదామంటే, గడపగడపకీ తిరిగి సంతకాలు పెట్టించి ఆపించింది మీరేగా!"

"ఆ గొడవ ఇప్పుడెందుకు?"

కడిగే మనిషి కంగారుగా అడ్డొచ్చింది. "అమ్మగారినేమీ అనకండి సార్. ఆ ఇళ్ళు కడితే అలగా జనం దిగుతారని, ఊరు పాడైపోతుందని నాక్కూడా చెప్పారు. ఆడపిల్లతో ఉన్నదాన్ని కదా, భయమేసి నేనూ సంతకం పెట్టేశాను."

చైర్మన్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంతకీ ఎవరమ్మా ఆ అలగా జనం?" అని అడిగింది కడిగే మనిషి, నిజంగానే తెలుసుకోవాలని.

కౌన్సిలరమ్మ ముక్కు మీది కర్చీఫ్‌ని మెల్లగా నోటి మీదికి దించుకుంది.