మస్కట్ ఫోను

ఆ ఉదయం దీపం పెట్టి, అమ్మకు రాగిజావ తాగించి, మస్కట్ నుంచి వచ్చిన ఫోనుతో బోరబండ నుంచి మాదాపూర్‌లోని ఫోన్ల దుకాణానికి బయలుదేరాను. లాక్ ఉండడంతో అది అక్కడి నెట్‌వర్క్ సిమ్ముతోనే పనిచేస్తుంది.

"జర జల్ది లాక్ తీపియ్యి బిడ్డా. నా సిమ్ము ఏస్తే మహేశ్ మాట్లాడ్తడు. నా కోసమే పంపిండు," అంది అమ్మ.

దారిపొడవునా లాక్ తెరుచుకోకూడదనే మొక్కుకున్నాను. గంటలో తెరుచుకుంది.

"ఇగ ఏ సిమ్మైనా నడుస్తది. ఏందక్కా, మొకం గట్ల పెట్టినవ్?" అన్నాడు దుకాణదారు.

సాయంత్రం అక్కచెల్లెళ్లం ఒక్కమాట అనుకున్నాం: లాక్ తెరుచుకోలేదనే అమ్మకు చెప్పాలి. ఆ ఫోను పంపింది తమ్ముడు మహేశ్ కాదని, వాణ్ణి అక్కడే దహనం చేసి, బట్టలతోపాటు వాడు పనిచేసిన కంపెనీ పంపిందని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.