యానీ మొదటిసారి విన్న పాట

“ముందే ఏడ్చేశావ్. సబ్‌టైటిల్ ఇంకా రాలేదు,” అన్నాడు నీల్.

జెర్సీ సిటీలోని తన అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే కెమెరా ముందు కూర్చున్న అనుష్క కళ్లు తుడుచుకుంది. ఆమె చానల్‌కి ఎడిటర్ నీల్. కాలిఫోర్నియా నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. ‘యానీ’ అనే అమెరికన్ అమ్మాయి తెలుగు సినిమా పాటల్ని మొదటిసారి విని ఏమంటుందో చూపించే చానల్ అది. చూసేవాళ్లు రెండు లక్షల మంది. కెమెరా ముందు ఆ యానీ అనుష్కే. చాలామంది ఆమెని మెక్సికన్ అనుకుంటారు.

“లైన్ అర్థమైంది, ఏడుపొచ్చింది. ఏం చెయ్యను?”

“యానీకి అర్థం కాకూడదు కదా. రీటేక్ చేద్దాం. నాన్న కూతురి సైకిల్ వదిలేసే షాట్‌లో మామూలుగా ఉండు. సబ్‌టైటిల్ చదివాక ఏడువు.”

పాట మళ్లీ మొదలైంది. సగంలో అనుష్క ఆపేసింది.

“నీల్, ఈ వారమంతా నేను తెలుగు మాట్లాడింది నీతోనే. అది కూడా సబ్‌టైటిల్స్ గురించి. నాకిక యాక్టింగ్ వద్దు. నిజం చెప్పేస్తాను.”

“చెప్తే వ్యూస్ పోతాయి. తెలుగమ్మాయి తెలుగు పాట వింటే ఎవరు చూస్తారు?”

అనుష్క కాల్ కట్ చేసింది. రికార్డింగ్ ఆన్ చేసి నేరుగా కెమెరాలోకి చూసింది.

“నా పేరు యానీ కాదు, అనుష్క. నేను తెలుగమ్మాయిని. ఇన్నాల్లూ మీకు అబద్ధం చెప్పాను. ఈ పాటలన్నీ నాకు చిన్నప్పటినుంచి తెలుసు. సారీ.”

ఆ పాటలో తనని ఏడిపించిన మాట ఏదో, ఎందుకో కూడా చెప్పింది. ‘ళ’ పలకకపోయినా దిద్దుకోలేదు. ఏదీ కత్తిరించకుండా పోస్ట్ చేసి, ఫోన్ ఇంట్లోనే వదిలేసి నది ఒడ్డుకి నడిచింది. బాగా తిడతారని తెలుసు. అయినా మనసు తేలికగా ఉంది. తిడితే యానీని కాదు, తనని తిడతారు. తెలుగులో తిడతారు.

సాయంత్రం తిరిగొచ్చి చూస్తే నాలుగు వేల కామెంట్లు. ఎంత కిందికి వెళ్లినా ఒక్కరూ తిట్టలేదు. అందరికన్నా ఎక్కువ లైకులు వచ్చిన కామెంట్ పైనే ఉంది:

“మా హీరోయిన్లందరూ స్టేజీ ఎక్కి ‘నేను తెలుగమ్మాయిని’ అంటారు గానీ, నీ అంత ముద్దుగా ఎవరూ అనలేదు యానీ. ఇంత పెద్ద డైలాగ్ బట్టీ పట్టడానికి ఎన్ని రోజులు పట్టింది?”