ఇంగ్రిడ్ గారి ఆవు

ప్రకాశం ప్రపంచానికి ఉచితంగా సేవ చేస్తాడు. ఇంటికి మాత్రం టైం దొరికినప్పుడు.

మెదక్‌లో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాడు. అది జీతం కోసం. ప్రాణమంతా లినక్స్‌తో నడిచే చిన్న చిన్న కంప్యూటరు పెట్టెల మీదే. అరచేతిలో పట్టే ఆ పెట్టెలకు సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసుకునే శక్తి ఉండదు. ఎవరో పుణ్యాత్ములు పెద్ద కంప్యూటరులో, ఆ పెట్టె చిప్‌కు అర్థమయ్యేలా మార్చి, అంటే కంపైల్ చేసి, ప్యాకేజీ కట్టి నెట్‌లో పెట్టాలి. దాన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. మెదక్‌లో ఆ పుణ్యాత్ముడు ప్రకాశం.

అతని ప్యాకేజీల్లో పేరు తెచ్చుకున్నది గంట. ఒకచోట మీట నొక్కితే ఇంకోచోట గంట మోగుతుంది. తల్లి లిల్లీ కోసం రాశాడు. జీవితమంతా బడిలో గొంతు చించుకుని పాఠాలు చెప్పిన టీచరమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం పక్కన మీట, వంటింట్లో గంట. చర్చి వాళ్లంతా వచ్చి చూశారు. పాస్టరు గారు దాని కోసం ప్రార్థన కూడా చేశారు. అందరికీ పనికొస్తుందని ప్రకాశం దాన్ని నెట్‌లో పెట్టాడు. దేశదేశాల వాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఊరుకుంటాడా, కొత్త వెర్షన్ తీశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో గంట మోగడం మానేసింది.

"జర చూడుండ్రి," అంది భార్య నిస్సి. "అత్తమ్మ నొక్కుతనే ఉంటది. నాకు వినొస్త లేదు."

"మనది పాత పెట్టె. దానికి మళ్ల కంపైల్ జెయ్యాలె. నువ్వనుకున్నంత అల్కగ కాదు."

"నేనేం అనుకోలే. మోగాలె అంటున్న."

"టైం చూసుకొని చేస్త."

ఒకరోజు నిస్సి మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. కింద లిల్లీ మీట నొక్కి నొక్కి, ఇక లాభం లేదని తానే లేవబోయి పడిపోయింది. నుదురు చిట్లింది. పక్క గదిలో ప్రకాశం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాత పెట్టెలను నమ్ముకున్న వాళ్ల పట్ల మనకు బాధ్యత ఉండాలని జర్మనీ వాడెవడికో చెబుతున్నాడు.

దవాఖానలో కుట్లు వేస్తుంటే తల్లి చెయ్యి పట్టుకుని నిజంగానే ఏడ్చాడు.

"ఈ ఐతారం పక్కా, అమ్మా. ఇంకో పని ముట్ట."

లిల్లీ ఏదో అనబోయింది. మాట రాలేదు. నిస్సి కూడా ఏమీ అనలేదు. ఆమెకైతే మాట వచ్చు.

ఆదివారం పొద్దున ప్రకాశం చర్చికి కూడా పోకుండా కంప్యూటరు తెరిచాడు. ఎదురుగా ఇంగ్రిడ్ గారి మెయిల్.

ఆమె నార్వేలో పాడి రైతునని రాసింది. చుట్టూ మంచు. కొట్టంలో చూలు ఆవు. ఆవు కదిలితే ఇంట్లో గంట మోగాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పటి నుంచి మోగడం లేదు. పెట్టె పాతది. మీలాంటి గొప్పవారు నాలాంటి వాళ్లను పట్టించుకుంటారో లేదో అని చివర్లో ఒక మాట.

ప్రకాశం గుండె కరిగిపోయింది. అంత చలిలో ఒక ప్రాణి అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చునే మనిషా అతను.

"మరి అత్తమ్మ గంట?" గుమ్మంలో నిస్సి.

"ఇది అర్జెంటు. పాపం, నోరులేని జీవి."

నిస్సి అత్తగారి గది వైపు ఒకసారి చూసి, తలాడించి వెళ్లిపోయింది.

పెట్టెలో తప్పు చూపిస్తూ ఎర్రగా వచ్చిన వరుసలు పంపమని ఇంగ్రిడ్ గారిని అడిగాడు. వెంటనే పంపింది. తప్పు దొరికింది. శబ్దం చేసే భాగాన్ని అతను కొత్త చిప్‌లకే కంపైల్ చేశాడు. పాత చిప్‌కు చేయబోతే అది ఇంకో లైబ్రరీ, అంటే ఇంకో సాఫ్ట్‌వేర్ ముక్క, కావాలంది. ఆ లైబ్రరీ మరొకటి కావాలంది. పెళ్లికి వచ్చిన చుట్టాల్లా ఒక్కొక్కటీ ఇంకొకదాన్ని వెంటబెట్టుకొచ్చింది. నిస్సి పెట్టిన అన్నం అతని ఎదుటే చల్లారిపోయింది. సోమవారం జ్వరమని ఆఫీసుకు సెలవు చెప్పాడు. ఇంగ్రిడ్ గారు ఏమడిగినా ఠక్కున జవాబిచ్చేది. మధ్యాహ్నం అన్నాల వేళ మాత్రం పలికేది కాదు. ఆవుకు మేత పెడుతుందేమో అనుకున్నాడు.

మంగళవారం కొత్త ప్యాకేజీ నెట్‌లో పెట్టాడు. కాసేపటికే జవాబు. గంట మోగిందట. ఆవు క్షేమమట. మిమ్మల్ని దేవుడే పంపాడని రాసింది ఇంగ్రిడ్.

ఇంత సంగతి కడుపులో దాచుకోలేక ప్రకాశం చౌరస్తా దగ్గరి చాయ్ హోటలుకు పోయి, దాని యజమాని పరశురాంకు చెప్పాడు.

"నార్వేల ఒక ఆవు, అన్నా. నా వల్లనే బతికింది."

"నువ్వు పుట్టకముందు అక్కడ ఆవులు ఈనకపోతుండెనా?" అన్నాడు పరశురాం, చాయ్ వడగడుతూ.

ఇలాంటి వాళ్లకు సాంకేతిక విషయాలు అర్థం కావని సరిపెట్టుకుని ఇంటికి వచ్చాడు. వంటింట్లో గంట మోగుతోంది. నిస్సి మంచినీళ్ల గ్లాసుతో అత్తగారి గదిలోకి పరుగెత్తింది. నీళ్లు తాగి లిల్లీ కోడలి చెయ్యి పట్టుకుని నవ్వింది.

"మనది గూడ మోగుతున్నదా?" ఆశ్చర్యపోయాడు ప్రకాశం.

"అప్‌డేట్ వచ్చిందని చూపెట్టింది. నొక్కిన."

"చూసినవా? ఎక్కడో నార్వే కోసం జేస్తే మనింటికి గూడ పనికొచ్చింది. ఓపెన్ సోర్స్ అంటే గిదే."

"అవు. అత్తమ్మ రూంల లైటు గూడ ఆ పెట్టె మీదనే గదా నడిచేది. రెండు దినాల సంది ఎలుగుత లేదు. జర చూడుండ్రి."

"చూస్త తియ్యి. జర పురసతు దొరకనీ."

నిస్సి సరేనని వంటింట్లోకి పోయి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోనులో ఇంగ్రిడ్ పేరు మీద తాను పెట్టుకున్న మెయిల్ తెరిచి, కొట్టంలో దీపం కూడా వెలగడం లేదని నార్వే నుంచి రాయడం మొదలుపెట్టింది.