పైనుంచి రెండో గాడి

“సూది తప్పు కాదురా, నీ బుర్ర తప్పు!”

మీసాల మెకానిక్ అరిచిన అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి. బావమరిది మాత్రం అదరలేదు. బండి అతనిది. సింహంలా చేసిస్తానని బావ దాని సిలిండరు పెద్దది చేశాడు, సైలెన్సరు మార్చాడు, ఎక్కడిదో పెద్ద కార్బురేటర్ పట్టుకొచ్చి తగిలించాడు. సింహమే అయింది. కాకపోతే యాక్సిలరేటర్ సగం తిప్పేసరికి నల్లపొగ కక్కి, క్షయరోగిలా దగ్గుతోంది.

“ఈ కార్బురేటర్ సూది మరీ సన్నం బావా. పెట్రోలు ఎక్కువ వదిలేస్తోంది. డబ్బాలో లావుది ఉందిగా, వేసి చూద్దాం.”

“ఒక్కోటీ వేసి చూడ్డానికి ఇదేమన్నా చెప్పుల కొట్టనుకున్నావా? సూది ఎంచింది నేను. మార్చాల్సింది గాడి.”

మెకానిక్ సూదిని రెండు వేళ్ళతో పట్టుకుని, మొద్దబ్బాయికి ఎక్కాలు చెప్పినట్టు మొదలుపెట్టాడు. సూది తల దగ్గర ఒకదాని కింద ఒకటి ఐదు గాడులు. వాటిలో ఒకదానికి చిన్న క్లిప్పు. క్లిప్పు పై గాడికి ఎక్కితే సూది కిందికి దిగి పెట్రోలుకి అడ్డం పడుతుంది. కింది గాడికి దిగితే సూది పైకి లేచి పెట్రోలు వరదే.

“పైనుంచి రెండో గాడి. అంతే, పొగ బంద్. గుర్తుపెట్టుకో, గాడి ఎప్పుడూ పైనుంచే లెక్కపెట్టాలి. కిందనుంచి లెక్కపెట్టేవాడు గాడిద!”

అంతలో అతని భార్య టీ తెచ్చింది. ఆయనగారు కప్పు ఎత్తగానే మీసం కొసలు రెండూ టీలో మునిగాయి.

“ముందు అది తాగుతుంది, మిగిలితే మీరు,” అందామె. “తీసేయండి మహాప్రభో అని పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా.”

“ఇది తీసేస్తే నేను మనిషిలా ఉంటానటే?”

“ఇప్పుడున్నారని ఎవరన్నారు?”

బావమరిది పగలబడి నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. మెకానిక్ కప్పు ఠపీమని కింద పెట్టి మీసం మీద చెయ్యి వేశాడు.

“రేపు పొద్దున ఈ బండి వీధి చివర మిట్ట మీద ఒక్క దగ్గు దగ్గినా, ఈ మీసం తీయించుకుని వీధంతా తిరుగుతా. దగ్గకుండా ఎక్కిందో, నా షెడ్డులో నువ్వు ఇంకెప్పుడూ నోరెత్తకూడదు. సరేనా?”

“సరే బావా. మాట మీద ఉండు.”

భార్య టార్చి పట్టుకుంది. మెకానిక్ క్లిప్పుని పైనుంచి రెండో గాడిలో పెట్టి, ఇద్దరికీ చూపించి, కార్బురేటర్ మూత బిగించాడు. “రాత్రికి వచ్చి నువ్వు కెలకవని నమ్మకమేంటి? సీలు వేస్తా,” అంటూ రంగు డబ్బా తీశాడు. రంగు ఎండి రాయైపోయింది.

“ఏమేవ్, నీ గోళ్ళరంగు ఇలా పట్రా.”

“ఉన్నది ఆ ఒక్క సీసానే. అదీ అడుగంటింది.”

“నీ గోళ్ళు చూసి మురిసిపోయేవాళ్ళు ఎవరున్నారు గానీ, తే!”

ఆమె లోపలికెళ్ళి తెచ్చిచ్చింది. మూత మీది రెండు స్క్రూలకీ చెరో ఎర్రచుక్క పడింది. ఇంక ఎవరు స్క్రూ తిప్పినా రంగు పగిలి దొరికిపోతారు. తన తెలివికి తనే మురిసిపోయి, మెకానిక్ సీసాని భార్య చేతిలో పడేశాడు.

పొద్దున్నే మిట్ట దగ్గర వీధి వీధంతా చేరింది. పనీపాటా లేనివాళ్ళు ఎలాగూ వచ్చారు, ఉన్నవాళ్ళు కూడా మానుకుని వచ్చారు. బావమరిది సీలు చూశాడు. ఎర్రచుక్కలు రెండూ చెక్కుచెదరలేదు. మెకానిక్ బండెక్కి, మీసం మెలేసి, యాక్సిలరేటర్ తిప్పాడు.

మిట్ట సగమైనా ఎక్కలేదు. బండి బుస్సుమని నల్లపొగ కక్కింది, దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది. పొగలోంచి మసిమొహంతో దిగుతున్న మెకానిక్‌ని చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఒరేయ్, కెలికావు కదూ!”

“సీలు నీదే కదా బావా. నువ్వే చూసుకో.”

చూసుకున్నాడు. రంగు పగల్లేదు. తనే స్క్రూలు విప్పి సూది బయటికి లాగాడు. క్లిప్పు పైనుంచి రెండో గాడిలో లేదు. కిందనుంచి రెండో గాడిలో ఉంది.

“పైనుంచే పెట్టానే! మీరిద్దరూ చూశారు కదా!” అన్నాడు.

“టార్చి వెలుగులో ఏం చూశాంలే బావా. అవునూ, కిందనుంచి లెక్కపెట్టేవాణ్ణి నిన్న ఏదో అన్నావు?”

మెకానిక్ సూదిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన చేతులు తననే మోసం చేశాయనుకున్నాడు. పాపం, ఏడుపొక్కటే తక్కువ. మీసం మంగలి కత్తికి ఒప్పజెప్పి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వీధంతా తిరిగాడు. ఎండ మొహం ఎరగని ఆ పై పెదవి తెల్లగా మెరుస్తుంటే, ఎదురుపడ్డవాళ్ళు పలకరించడం మానేసి దాన్నే చూశారు.

ఇంటికొస్తే భార్య టీ ఇచ్చింది. చాలాకాలం తర్వాత మొదటిసారి టీ అంతా అతనే తాగాడు.

“బాగున్నారు,” అందామె. “నిజంగా బాగున్నారు. మెడ మీద పడే ఆ జుట్టు కూడా లేకపోతే ఇంకా బాగుంటారు.”

ఆ ఓదార్పు మెకానిక్ చెవికెక్కలేదు. “గాడి పొరపాటేగానీ సూది పొరపాటు కాదు. మళ్ళీ పందెం! ఈసారి ఓడితే గుండు కొట్టించుకుంటా. పైనుంచి పదిసార్లు లెక్కపెట్టుకుని మరీ సీలు వేస్తా. ఆ గోళ్ళరంగు ఇలా తే.”

“ఉండండి, కొత్తది తెప్పిస్తాను,” అంది భార్య ఖాళీ కప్పు అందుకుంటూ. “ఆ సీసా రాత్రి రెండోసారి పూసేసరికే అయిపోయింది.”