ఏడు ఎర్ర పేలికలు

"అమ్మాయ్, అది విప్పకు."

బేగిమాయ్ చెయ్యి కొమ్మ మీదే ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

తెల్ల కాల్పాక్ టోపీ పెట్టుకున్న ముసలాయన, ఊతకర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచు కరిగే రోజులొస్తే చాలు, పొద్దున్నే మొదటి లిఫ్టు కుర్చీలో పైకొచ్చేస్తాడు. కర్రని మంచులోకి గుచ్చి, దాని పిడికి చెవి ఆనించి కాసేపు కళ్లు మూసుకుంటాడు. తర్వాత ఏదో ఒక దేవదారు కొమ్మకి ఎర్ర పేలిక కట్టి దిగిపోతాడు.

"ఎన్ని కోరికలు తాతా నీకు? ఇది ఏడోది!"

"ఒకటే కోరిక తల్లీ."

"ఒక్కదానికి ఏడు పేలికలా? దేవుడికి అంత మతిమరుపా?"

లిఫ్టు నడిపే ఒరోజాలి పకపకా నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు.

ఏప్రిల్ చివరి శనివారం. కింద ఊళ్లో ఆప్రికాట్ చెట్లు పూశాయి. పైన ఇంకా మంచే. రాత్రి గడ్డకట్టిన మంచు తొమ్మిదింటికి పంచదార పలుకుల్లా విడుతుంది. పన్నెండు దాటితే జావే. మధ్యలో ఆ మూడు గంటలూ స్కీల కింద నేల ఉందో లేదో కూడా తెలియదు. జారుతూ ఉంటే లోయలోంచి పూల వాసన ఎదురొస్తుంది. దానికోసమే బిష్కెక్ నగరం నుంచి జనం పనిగట్టుకుని వస్తారు.

ఈ వాలు బాధ్యత బేగిమాయ్ చేతికొచ్చి ఇదే మొదటి ఏడు. పదకొండింటికి సీజన్లో ఆఖరి పందెం. నలభై మంది దిగబోతున్నారు. ఒక్కరికి ఏమైనా అయితే జవాబు చెప్పుకోవలసింది తనే. అందుకే పటం ముందు పెట్టుకుని, హద్దులకి పసుపు జెండాలు దగ్గరుండి పాతించింది. వాటి మధ్య ఈ ఎర్ర పేలికలేమిటి?

"మొక్కులుంటే కింద ఊట దగ్గర చెట్టుందిగా తాతా. ఊరంతా అక్కడే కడతారు."

"ఇది ఉత్త మొక్కు కాదమ్మా. ఇలా రా, ఈ కర్రకి చెవి పెట్టి ఒక్కసారి విను."

"అక్కా, పందెం వాళ్లు వచ్చేశారు!" ఒరోజాలి కేకేశాడు.

"తర్వాత వింటాలే తాతా. సరే, ముట్టుకోను. నువ్వు దిగు."

ముసలాయన నమ్మి, కుర్చీ ఎక్కి దిగిపోయాడు.

ఆయన కనుమరుగయ్యాక బేగిమాయ్ ఏడూ విప్పేసింది. దళసరి పాత గుడ్డ, ఎండకి సగం వెలిసిపోయింది. ఒకదానికి ఇత్తడి గుండీ కూడా ఉంది. చింపడానికి ఇంకేం దొరకలేదా ఈయనకి అని నవ్వుకుంది. అన్నీ తీసుకెళ్లి లిఫ్టు పక్కనున్న టీ కొట్టు పొయ్యిలో పడేసింది.

"పాత బాసు వాటి జోలికి పోయేవాడు కాదక్కా," అన్నాడు ఒరోజాలి.

"ఎందుకని అడగలేదా?"

"బాసుని అడుగుతామా ఎవరమైనా?"

పందెం రోజున వాలు మీద మొదట దిగేది దాన్ని చూసుకునే పెద్దే. అది అక్కడి ఆనవాయితీ. పదిన్నరకి బేగిమాయ్ దిగింది.

మంచు మీంచి పల్చటి ఆవిరి లేస్తోంది. ఎండ ఆ ఆవిరిలోంచి మెత్తగా తాకుతోంది. ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు కింద ఎక్కడో సన్నటి సడి. హాయిగా ఉంది. ఇలాగే జారుకుంటూ వేసవిలోకి వెళ్లిపోతే ఎంత బాగుండు అనుకుంది.

రెండు దేవదారుల మధ్య మంచు కుంగింది.

చంకల దాకా దిగిపోయింది. చేతుల్లోని స్కీ కర్రలు గుంతకి అడ్డం పడబట్టి ఆగింది. మంచు కింద దాగిన వాగు హోరుమంటూ స్కీలని పట్టి లాగుతోంది. ఒరోజాలి తాడు విసిరి, ఇంకో ఇద్దరితో కలిసి ఆమెని పైకి లాగాడు.

మంచు మీద పడుకున్నచోటి నుంచే బేగిమాయ్ తల తిప్పి చూసింది. పేలికలు కట్టిన ఆ ఏడు దేవదారుల వెంటే మంచు గీత గీసినట్టు కుంగి ఉంది. పటంలో వాగు అటు పక్కనుంది. ఈ ఏడాది ఇటు జరిగింది.

పందెం పక్క వాలుకి మార్చారు. నలభై మందీ కేరింతలు కొడుతూ క్షేమంగా దిగారు.

టీ కొట్లో దుప్పటి కప్పుకుని వణుకుతున్న బేగిమాయ్ దగ్గరికి, కబురు విని ముసలాయన మళ్లీ పైకొచ్చాడు. రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టాడు.

"తిను తల్లీ. వేడిగా టీ తాగు."

"మాటిచ్చి తప్పాను తాతా. నన్ను క్షమించు."

"నువ్వు పైకొచ్చావు. అది చాలు." ఆ మాట రెండుసార్లు అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "పేలికలు ఇటివ్వు. ఉతికి దాచుకోవాలి. ఏటా అవే కడతాను."

బేగిమాయ్ పొయ్యి వంక చూసింది. ఆయన కూడా అటే చూశాడు.

"రేపే కొత్త గుడ్డ తెస్తాను తాతా! ఎర్రదే తెస్తాను. పది మీటర్లు తెస్తాను!"

ముసలాయన పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కర్ర కొసతో బూడిద కదిపాడు. నల్లబడిన గుండీ ఒకటి దొర్లి బయటికొచ్చింది. కాలుతుందని కూడా చూసుకోకుండా దాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"కొత్తది ఎందుకులే తల్లీ," అన్నాడు మెల్లగా. "ఇరవై రెండేళ్ల కిందట ఆ వాగు మా పిల్లని ఉంచేసుకుని, నాకు తిరిగిచ్చింది ఆ ఎర్ర కోటొక్కటే."