గడప మీది తడి

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా హ్యూ ఊళ్లో టెట్ పండుగనాడు, అంటే కొత్త సంవత్సరం తొలిరోజున, ఇంట్లో మొదట అడుగుపెట్టిన మనిషిని బట్టే ఆ ఇంటికి ఏడాది అదృష్టం. ఒకప్పుడు వీధంతా నన్నే పిలిచేవారు. ఇప్పుడు మా ఆవిడ పోయిన మైలలో ఉన్నాను కాబట్టి ఎవరి గడపా తొక్కకూడదు.

ఈసారి పండుగ ముందురోజు కూతురు లియెన్ ఫోన్ చేసింది. “నాన్నా, రేపు మా ఇంటికి రాకు.”

“మీ అత్తగారి ఆర్డరా?”

“కాదు, నాదే. ఎక్కడికీ తిరక్కుండా బుద్ధిగా ఇంట్లో ఉండు.”

మనవడు పుట్టి రెండు నెలలైంది, నేనింకా చూడనేలేదు. ఆ బెంగతోనే పడుకున్నాను.

తెల్లారేసరికి లియెన్ వాకిట్లో ఉంది. “తొలి అడుగు వీడిదే,” అంటూ పసివాడి పాదం గడపకు ఆనించింది. వాడు అక్కడే ఉచ్చపోశాడు.

పండుగనాడు ఇల్లు శుభ్రం చేస్తే అదృష్టం పోతుందంటారు. నేను తుడవలేదు.