పడిపోయాక చెప్పు

పొద్దుట్నుంచీ మోటారు షెడ్డులో గ్యాసు వాసన. దాని కిందనుంచే గ్యాసు కంపెనీ పైపులైను పోతుంది. భూదేవి పొయ్యి వెలిగించలేదు. కంపెనీలో మనుషులు ఎత్తే ఫోన్లు పోయి చాలా కాలమైంది కాబట్టి, వాళ్ళు ఇంటింటికీ బిగించిన మాట్లాడే గోడపెట్టెతో చెప్పింది.

"ఎవరైనా చనిపోయారా అమ్మా?" పెట్టె మర్యాదగా అడిగింది.

"లేదండి."

"ఆసుపత్రిలో చేరారా?"

"లేదండి. ఇంట్లో పిల్లలున్నారండి."

"అయితే ఇది ప్రమాదం కిందికి రాదమ్మా. ఏదైనా జరిగితే చెప్పండి, వెంటనే మనుషులొస్తారు."

"చేరారని చెప్పెయ్యవే," అంది అత్త మహలక్ష్మి.

"ఆసుపత్రిని అడుగుద్దత్తా. అబద్ధమని తేలితే ఇంక మన మాట వినదు."

మహలక్ష్మి లోపలికెళ్ళి, ఆసుపత్రికని దాచుకున్న ఉతికిన చీర కట్టుకుంది. పీట పట్టుకుని షెడ్డు వైపు నడిచింది.

"నే పడిపోయాక మళ్ళీ చెప్పు దానికి," అంది.